సంక్రాంతికి పిల్లలతో కారులో ఊరికి: హైదరాబాద్ నుంచి కోనసీమ దాకా

మా పిల్లల అమ్మమ్మగారిది అమలాపురం దగ్గర ఒక పల్లె. మేముండేది హైదరాబాద్‌లో, ఎల్.బి.నగర్ వైపు. మధ్యలో 400 కిలోమీటర్ల పైమాటే. మామూలు రోజుల్లో, పెద్దవాళ్ళు మాత్రమే వెళితే, ఎనిమిది గంటల దారి. సంక్రాంతి ముందు ఇద్దరు పిల్లలతో వెళితే పన్నెండు గంటలు. ఆ పన్నెండును ఒప్పుకోవడానికి నాకు నాలుగు సంక్రాంతులు పట్టింది. ఎనిమిదిలోనే చేరాలని పట్టుబట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరికి వాంతులయ్యాయి, ఎవరో ఒకరు ఏడ్చారు. ఒక ఏడాది తణుకు దాటేసరికి నాకూ ఏడుపొక్కటే తక్కువైంది.

కింద చెప్పేదంతా ఆ పన్నెండు గంటల లెక్క మీద ఆధారపడింది. మీ ఊరు ఒంగోలైనా, శ్రీకాకుళమైనా ఊళ్ళ పేర్లు మార్చుకుంటే చాలావరకు పనికొస్తుంది.

1. ముందు తేదీలు తేల్చుకోండి

ఈ పని నెల ముందే జరగాలి. భోగి మంట తెల్లవారుజామున వేస్తారు, భోగిపళ్ళు సాయంత్రం పోస్తారు. ఈ రెండూ పిల్లలకు దక్కాలంటే భోగి ముందు రోజు రాత్రికి చేరితే చాలదా అనిపిస్తుంది. చాలదు. పన్నెండు గంటలు కారులో నలిగిన ఐదేళ్ళ పిల్లను మర్నాడు నాలుగింటికి లేపి మంట ముందు నిలబెడితే, ఆ రోజంతా ఆ పిల్ల చిరాకును ఇంటిల్లిపాదీ పంచుకోవాలి. భోగిపళ్ళ వేళకు పిల్ల నిద్రపోతుంది, రేగుపళ్ళు దిండు మీద పోయాల్సి వస్తుంది. భోగి జనవరి 13న గానీ 14న గానీ వస్తుంది కాబట్టి 11, 12 తేదీల్లో ఊళ్ళో దిగేలా చూసుకోండి.

బడికి సెలవులిచ్చిన సాయంత్రం, మర్నాటి ఉదయం మాత్రం బయలుదేరకండి. ఆ రెండు పూటలూ నగరం నగరమంతా విజయవాడ దారి పడుతుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరిన ఫొటోలు ఏటా పత్రికల్లో వచ్చేది అప్పుడే. వీలుంటే ఒక రోజు ముందు వెళ్ళండి, లేదంటే ఒక రోజు ఆగండి. పిల్లలు ఇంకా బడి వయసుకు రాకపోతే ఆ స్వేచ్ఛను పూర్తిగా వాడుకోండి. ఎల్‌కేజీలో చేరాక అది మళ్ళీ దొరకదు.

తిరుగు ప్రయాణం తేదీకి ఇంకో చిక్కుంది. కనుమ నాడు కాకైనా కదలదని మనవాళ్ళ మాట. అందరూ ఆ మాట పాటిస్తారు కాబట్టి రద్దీ అంతా కనుమ మర్నాడు, ఆ వెంటనే వచ్చే ఆదివారం మీద పడుతుంది. కనుమ రోజు రోడ్డు ఖాళీగా ఉంటుంది, నిజమే. కానీ ఆ రోజు బయలుదేరతానని అత్తగారితో అనడం నా వల్ల కాలేదు. మీ వల్ల అయితే మీ ఇష్టం. మేము బడి తెరిచే రోజుకు ఒక రోజు ముందే ఇల్లు చేరేలా లెక్క వేసి, కనుమ వెళ్ళాక రెండో రోజున కదులుతాం.

రెండు వైపుల తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలు ఉన్నవాళ్ళు పంపకం కూడా ఇప్పుడే చేసుకోండి. మా అమ్మానాన్నలు నందిగామ దగ్గర ఉంటారు. పండుగ మూడు రోజులూ ఒక ఏడాది అక్కడ, ఒక ఏడాది ఇక్కడ అని నిర్ణయించుకుని, రెండిళ్ళకూ ఒకే రోజు ఫోను చేసి చెబుతాం. ఒకరికి చెప్పిన సంగతి ఇంకొకరికి మూడో మనిషి ద్వారా తెలిస్తే, ఆ తర్వాత ఎంత మంచి రోడ్డు మీద వెళ్ళినా గతుకులే.

2. దారిని ముక్కలు చేయండి

మా దారి రెండు జాతీయ రహదారుల మీద. విజయవాడ దాకా 65వ నంబరు: చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ. అక్కడి నుంచి 16వ నంబరు: హనుమాన్ జంక్షన్, ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం. రావులపాలెంలో కుడివైపు తిరిగి కొత్తపేట మీదుగా అమలాపురం.

గుంటూరు వైపు వెళ్ళేవాళ్ళు నార్కట్‌పల్లి దగ్గరే విడిపోయి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగా వెళ్ళవచ్చు. సంక్రాంతి రోజుల్లో విజయవాడ దారి కిక్కిరిసినప్పుడు ఇది ప్రాణానికి సుఖం. రాజమండ్రి వాళ్ళకు సూర్యాపేట నుంచి ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, కొవ్వూరు దారి ఉంది. అయితే కొత్త దారిని పండుగ రోజున, పిల్లలు వెనక ఉండగా మొదటిసారి ప్రయత్నించకండి. ఫోనులో మ్యాపు 'ఇరవై నిమిషాలు ఆదా' అని చూపిస్తే నమ్మి ఒకసారి పక్క రోడ్డు పట్టాను. చెరకు ట్రాక్టర్ల వెనక గంటసేపు పాకుతూ వెళ్ళాం. టాయిలెట్టు ఉన్న బంకు ఒక్కటీ కనిపించలేదు.

పిల్లలతో వెళ్ళేటప్పుడు దారిని కిలోమీటర్లతో కాకుండా దిగే చోట్లతో కొలవాలి. రెండు గంటలకు మించి ఎవరూ ఒకే చోట కూర్చోకూడదు, నడిపేవాళ్ళతో సహా. మేము ఆగేవి: చౌటుప్పల్ దాటాక టిఫిను, సూర్యాపేట దాటాక అరగంట, నందిగామలో మా అమ్మగారింట్లో భోజనం, ఏలూరు దాటాక టీ, రావులపాలెంలో అరటిపళ్ళు కొనే నెపంతో చివరి మజిలీ.

నెలల పాప ఉంటే దారిని రెండు రోజులకు పంచి విజయవాడలో రాత్రి ఆగండి. ఇంకా మంచిది, తల్లీ పాపా రైల్లో వెళ్ళి, మిగతావాళ్ళు కారులో సామాను తేవడం. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, సంక్రాంతివి తెరిచిన కాసేపటికే అయిపోతాయి. కాబట్టి ఈ ఆలోచన నవంబరులోనే రావాలి.

3. ఎవరు ఎక్కడ, ఎలా కూర్చోవాలి

ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే. ముందు సీట్లో తల్లి ఒళ్ళో పిల్లవాడు, లేదా తండ్రి ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టుకున్న పిల్లవాడు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. బండి వేగంలో ఉండగా సడన్ బ్రేకు పడితే పదికిలోల పిల్లవాణ్ణి ఏ చేతులూ పట్టి ఆపలేవు. బెల్టు పెట్టుకోని పెద్దమనిషి ఒళ్ళో ఉంటే ఆ మనిషి బరువంతా పిల్లవాడి మీదే పడుతుంది. ఎయిర్‌బ్యాగు పెద్దవాళ్ళ ఛాతీని దృష్టిలో పెట్టుకుని తయారుచేసింది. అది విచ్చుకునే వేగానికి పసివాళ్ళ మెడ తట్టుకోలేదు.

చట్టం కూడా ఇదే చెబుతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకు సీటు బెల్టు గానీ, వాళ్ళకు తగిన కార్ సీటు (కారు సీటు మీద బిగించే పిల్లల ప్రత్యేక సీటు) గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచి, వయసును బట్టి ఏర్పాటు ఇలా ఉండాలి. రెండేళ్ళు నిండేదాకా వెనక సీట్లో, ముఖం బండి వెనక్కి ఉండేలా బిగించిన కార్ సీటు. ఆ తర్వాత ముఖం ముందుకు ఉండే కార్ సీటు. అదీ పట్టకపోతే బూస్టర్, అంటే పిల్లను కాస్త ఎత్తులో కూర్చోబెట్టే చిన్న సీటు. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా బూస్టర్ ఉంటేనే బెల్టు మెడకు కాకుండా భుజానికి, పొట్టకు కాకుండా తుంటి ఎముకకు ఆనుతుంది. పన్నెండేళ్ళ దాకా ముందు సీటు ఎవరికీ లేదు.

కార్ సీటు కొత్తగా కొంటే పండుగ ప్రయాణం రోజున మొదటిసారి కూర్చోబెట్టకండి. గొడవ ఖాయం. నెల ముందు నుంచీ కూరగాయల బజారుకు వెళ్ళినా అందులోనే కూర్చోబెట్టి అలవాటు చేయండి. పాలు తాగే పాప ఏడిస్తే బండి పక్కకు ఆపి, తీసి పాలిచ్చి, మళ్ళీ కట్టి బయలుదేరండి. నడుస్తున్న బండిలో ఒళ్ళోకి తీసుకోవద్దు. దీనికే మన పన్నెండు గంటల్లో ఒక గంట పోతుంది. పోనివ్వండి.

ఇద్దరు పిల్లలుంటే కిటికీ తగాదా తప్పదు. మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న సూత్రం ఒకటుంది: ఎండ పడే కిటికీ ఎవరిదైతే, దారిలో వినే మొదటి కథ ఎంచుకునే హక్కు వాళ్ళది. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉందో లేదో బయలుదేరే ముందు ఒకసారి లాగి చూడండి.

4. బండి, కాగితాలు, టోలు

ఇది త్వరగా ముగిద్దాం. వారం ముందే మెకానిక్‌కు చూపించండి. ముందు రోజు చూపిస్తే, ఏదైనా మార్చాలన్నప్పుడు ఆ విడిభాగం దొరకదు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. పూర్తి బరువుకు ఎంత ఉండాలో డ్రైవరు తలుపు అంచున ఉన్న స్టిక్కరు మీద రాసి ఉంటుంది, మామూలుగా పెట్టుకునేదానికంటే కొంచెం ఎక్కువ. స్టెప్నీలో గాలి చూడడం అందరూ మరిచిపోతారు, నేను రెండుసార్లు మరిచాను. వైపర్లు, వాటి నీళ్ళు, లైట్లు తప్పక చూడండి. పొగమంచులో ఆదుకునేవి అవే.

ఆర్సీ, లైసెన్సు డిజిలాకర్‌లో ఉంటే చాలు. బీమా, కాలుష్య ధ్రువపత్రం గడువు తేదీలు చూసుకోండి.

ఫాస్టాగ్‌లో డబ్బు ముందు రోజే వేయండి. టోల్‌గేటు ముందు నిలబడి వేస్తే అందకపోవచ్చు, వెనక హారన్లు మాత్రం వెంటనే అందుతాయి. 2025 నవంబరు 15 నుంచి ట్యాగు పనిచేయకపోతే యూపీఐతో ఒకటింబావు రెట్లు కట్టాలి. తరచూ ఊరికి వెళ్ళేవాళ్ళకు 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక పాసు గిట్టుబాటు అవుతుంది. సొంత కార్లకు ఏడాది గానీ 200 ట్రిప్పులు గానీ, ఏది ముందైతే అది. జాతీయ రహదారుల టోల్‌గేట్లలోనే చెల్లుతుంది, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద చెల్లదు.

రహదారి మీద సాయానికి 1033, అంబులెన్సుకు 108, ఏ అత్యవసరానికైనా 112. ఇవి ఫోనులోనే కాదు, కాగితం మీద రాసి కారులో అతికించండి. ఫోను ఛార్జింగు అయిపోయేది సరిగ్గా అవసరమైనప్పుడే.

5. సంచులు సర్దడం

పెట్టెలు ఎన్నైనా డిక్కీలో పెట్టుకోండి. మూడు సంచులు మాత్రం చేతికి అందేలా ఉండాలి.

మొదటిది వాంతుల సంచి. చిల్లులు లేని కవర్లు పది (ఊది చూసి మరీ పెట్టండి), పాత తువ్వాళ్ళు రెండు, తడి వైప్స్, ఒక్కో పిల్లకు ఒక్కో జత బట్టలు విడిగా ముడివేసి, సీసాలో మామూలు నీళ్ళు, నిమ్మకాయ ఒకటి. నడిపేవాళ్ళకూ ఒక చొక్కా పెట్టండి. ఎందుకని అడగకండి.

రెండోది మందులది. జ్వరానికి పారాసిటమాల్ సిరప్పు ఉండాలి. పిల్లల బరువును బట్టి ఎంత పోయాలో డాక్టరును అడిగి సీసా మీదే రాయించుకోండి. థర్మామీటరు, బ్యాండేజీలు, దోమల క్రీము, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ముద్రించిన ఓఆర్ఎస్ ప్యాకెట్లు. డబ్బాల్లో తియ్యగా అమ్మే పానీయాలు ఓఆర్ఎస్‌కు బదులు కావు. ఏదైనా మందు రోజూ వాడే పిల్లలుంటే ఆ చీటీ ఫొటో కూడా.

మూడోది టాయిలెట్టు సంచి. పెట్రోలు బంకుల్లో టాయిలెట్టు, తాగునీరు, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వాలన్నది నియమం. ఎలా ఉంటాయన్నది మీ అదృష్టం. సబ్బు, చిన్న మగ్గు, పాత వార్తాపత్రికలు, మూడేళ్ళలోపు పిల్లలకు వాళ్ళ ప్లాస్టిక్ పాటీ పెట్టుకుంటే అదృష్టంతో పని లేదు. పెద్ద బంకు కనిపించిందంటే, అవసరం ఉందా అని అడగకుండా అందరినీ దింపండి. 'నాకు రావట్లేదు' అన్నవాళ్ళకే పది నిమిషాల తర్వాత వస్తుంది.

బొమ్మలు మూడు చాలు. శబ్దం చేసే బొమ్మను ఎవరైనా ప్రేమగా కొనిచ్చి ఉంటే అది ఇంట్లోనే ఉండాలి.

6. దారి తిండి

బయలుదేరే ముందు రోజు రాత్రి వేపుళ్ళు, మసాలాలు వద్దు. ఉదయం ఖాళీ కడుపుతోనూ వద్దు, పాలు నిండా తాగించీ వద్దు. ఒక ఇడ్లీ, లేదా రెండు బిస్కెట్లు, కాసిన్ని నీళ్ళు. పాలు తాగించి ఎక్కిస్తే అవి ఎక్కడ బయటికి వస్తాయో నేను చెప్పగలను: పెద్ద అంబర్‌పేట దాటగానే.

దారికి పులిహోరను మించింది లేదు. చద్దికి రుచి పెరుగుతుంది, చేతికి అంటదు, సాయంత్రం దాకా పాడవదు. పెరుగన్నం అయితే పాలు ఎక్కువ, తోడు తక్కువ వేసి కలపండి, మధ్యాహ్నానికి సరిగ్గా పులుస్తుంది. కొరకడానికి మరమరాలు, వేయించిన అటుకులు, కమలా తొనలు. వేరుశెనగ గుళ్ళు, మొత్తంగా ఉన్న ద్రాక్షపళ్ళు, గట్టి చాక్లెట్లు నాలుగేళ్ళలోపు పిల్లలకు నడుస్తున్న బండిలో ఇవ్వకండి. కుదుపుకు గొంతులో అడ్డం పడితే వెనక్కి తిరిగి తీసేవాళ్ళు ఉండరు. చక్కెర నిండిన కూల్‌డ్రింకులు కడుపు తిప్పడానికీ, అరగంటకోసారి బండి ఆపించడానికీ తప్ప దేనికీ పనికిరావు.

హోటల్లో తినాల్సి వస్తే జనం ఎక్కువున్న చోట, అప్పుడే కళ్ళముందు పొయ్యి మీద నుంచి దిగినవి తినిపించండి. పొగలు కక్కే ఇడ్లీని నమ్మవచ్చు, గిన్నెలో పొద్దున్నుంచీ కూర్చున్న కొబ్బరి పచ్చడిని నమ్మలేం.

7. ఎన్ని గంటలకు బయలుదేరాలి

తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే పిల్లలు నిద్రలో ఉంటారు, దారి ఖాళీగా ఉంటుంది అని చాలామంది చెబుతారు. పిల్లలు నిద్రపోతారు, నిజమే. నడిపేవాళ్ళకు కూడా నిద్ర ముంచుకొచ్చే వేళ అదే. పైగా జనవరిలో చౌటుప్పల్, నార్కట్‌పల్లి మైదానాల్లో, కృష్ణా తీరం దగ్గర పొగమంచు దిగేది ఆ వేళకే. రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ అందులో కనబడదు.

మేము ఆరింటికి కదులుతాం. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యోదయం ఏడింటికి కొంచెం ముందు. నగరం దాటేసరికి వెలుగొస్తుంది. మంచు దట్టంగా ఉంటే చౌటుప్పల్ వైపే టిఫినుకు ఆగిపోతాం, ఎండ వచ్చేదాకా కదలం. మంచు మధ్యలో పట్టుకుంటే లైట్లు డిమ్‌లో పెట్టండి. హై బీమ్ వేస్తే వెలుతురు మంచుకు తగిలి మన కళ్ళలోకే వస్తుంది. రోడ్డు ఎడమ అంచు తెల్లగీత చూస్తూ నెమ్మదిగా పోండి. నడుస్తుండగా నాలుగు ఇండికేటర్లూ వేస్తే వెనకవాళ్ళకు మనం ఆగామో నడుస్తున్నామో అర్థం కాదు. అద్దం లోపల ఆవిరి పట్టితే ఏసీని అద్దం వైపు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా మార్చండి.

ముందు రాత్రే డిక్కీ సర్దేయాలి. నడిపేవాళ్ళు తొమ్మిదింటికల్లా పడుకోవాలి. ఇది మా ఆవిడ పెట్టిన నియమం, ఇద్దరం వంతుల వారీగా నడుపుతాం కాబట్టి ఇద్దరికీ వర్తిస్తుంది.

8. 'ఇంకా ఎంతసేపు?'

ఈ ప్రశ్నకు గంటలు, కిలోమీటర్లు చెబితే చిన్నపిల్లలకు ఏమీ తెలియదు. మేము నదుల్లో చెబుతాం. చార్టు ముక్క మీద వంకర గీతగా దారి గీసి, అడ్డంగా నీలం గీతలు వేశాం: మూసీ, పాలేరు, మునేరు, కృష్ణ, వసిష్ఠ గోదావరి. ఒక్కో నది రాగానే పిల్లలు టిక్కు పెడతారు.

సూర్యాపేటకు ముందు మూసీ వస్తుంది. ఇంటి దగ్గర వంతెన మీద ముక్కు మూసుకుని దాటే మూసీయే ఇక్కడిదాకా వచ్చిందని చెబితే పిల్లలు మొదట నమ్మలేదు. కోదాడ దాటాక రెండు రాష్ట్రాల సరిహద్దులో పాలేరు. నందిగామ దాటాక మునేరు. 2023 జులైలో ఇది పొంగి, ఐతవరం దగ్గర ఈ రోడ్డు మీదికే నీళ్ళొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఈ మూడూ వెళ్ళి కలిసేది కృష్ణలోనే. విజయవాడలో దుర్గగుడి పక్కన ఫ్లైఓవరు ఎక్కగానే కుడివైపున ఆ కృష్ణ కనబడుతుంది. 'మనతోపాటు బయలుదేరిన మూసీ కూడా ఇక్కడికి వచ్చేసింది' అంది ఒక ఏడాది మా పెద్దది. తణుకు తర్వాత సిద్ధాంతం అనే ఊరి దగ్గర వంతెన మీద గోదావరి పాయ వసిష్ఠ. అది దాటితే కోనసీమ నేల. ఇక ప్రశ్న ఆగిపోతుంది, కొబ్బరి చెట్లు మొదలవుతాయి.

చదవడం వచ్చిన పిల్లలకు మైలురాళ్ళు ఇవ్వండి. తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. రావులపాలెం దగ్గర రోడ్డు మారినప్పుడు రంగుల సంగతి చూడమనండి. నంబరు ప్లేట్లు ఇంకో ఆట. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది కాబట్టి, టీఎస్, టీజీ, ఏపీల్లో ఏది ముందు యాభై అవుతుందో ఒక్కొక్కరు ఒక్కో జట్టు తీసుకోవచ్చు. పొడుపు కథలు, అంత్యాక్షరి, ఊరి పేరు చివరి అక్షరంతో ఇంకో ఊరి పేరు చెప్పడం. చివరిదానిలో 'డ' దగ్గర అందరూ ఇరుక్కుంటారు.

ఫోను మాటేమిటంటారా? మా ఇంట్లో బండి నడుస్తుంటే ఫోను లేదు, బండి ఆగిపోతే ఉంది. టోల్‌గేటు క్యూలో, ట్రాఫిక్ జాములో బొమ్మల వీడియో చూడవచ్చు. అందుకే మా పిల్లలు ఈ దేశంలో ట్రాఫిక్ జాము కోసం ఎదురుచూసే అరుదైన పౌరులు.

9. కడుపులో తిప్పితే

రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్య ఇది మామూలే. చెవి లోపలి భాగం కదులుతున్నామని చెబుతుంది, పుస్తకం మీదో తెర మీదో ఉన్న కళ్ళు కదలడం లేదని చెబుతాయి. ఆ రెంటి తగాదా కడుపు మీద పడుతుంది. కాబట్టి కళ్ళను బయట దూరంగా ఉన్న కొండ మీదికో, చెట్టు మీదికో మళ్ళించండి. కిటికీ కాస్త దించండి. కారులో వేలాడదీసిన సువాసన డబ్బా తీసి పారేయండి, సగం వాంతులకు మూలం అదే అని నా అనుమానం. అల్లం మురబ్బా ముక్క, నిమ్మకాయ వాసన కొందరికి పనిచేస్తాయి.

పిల్ల మాట్లాడడం మానేసి, ముఖం పాలిపోయి, ఆవలిస్తోందంటే ఐదు నిమిషాల గడువు ఉన్నట్టు. ఆగడానికి చోటు వెతకండి. ప్రతిసారీ ఇబ్బంది పడే పిల్లలకు డాక్టరు మాత్ర రాయవచ్చు. అది ఎక్కడానికి ముందే వేయాలి, మగతగా కూడా ఉంటుంది. మీ అంతట మీరు పక్కింటివాళ్ళు చెప్పిన మాత్ర వేయకండి. వాంతి అయ్యాక తిట్టకండి, గుక్కగుక్కగా నీళ్ళు పట్టి, అరగంట తర్వాతే ఏదైనా పెట్టండి.

10. బండి ఆగిపోతే

పంక్చరైతే వీలైనంత ఎడమకు, వీలుంటే బంకు దాకా, మెల్లగా పోనివ్వండి. టైరు పాడైతే పాడైంది. నాలుగు ఇండికేటర్లూ వేసి, పిల్లలను ఎడమ తలుపు నుంచే దింపి, ఇనుప కంచె అవతలికి తీసుకెళ్ళండి. ఒక పెద్దమనిషి పని వాళ్ళను చూడడమే. ఎర్ర త్రికోణం బండికి బాగా వెనక పెట్టండి. ఆగిన బండిలో పిల్లలను కూర్చోబెట్టి టైరు మార్చడం, 'రెండు నిమిషాలే కదా' అని అద్దాలెత్తి లోపల వదిలి టీకి వెళ్ళడం, ఈ రెండూ ఎన్నడూ చేయకండి. జనవరి ఎండకు కూడా మూసిన కారు పొయ్యిలా వేడెక్కుతుంది.

11. ఊరు చేరేటప్పుడు, చేరాక

అమ్మమ్మగారు పొద్దున్న ఏడింటి నుంచి ఫోను చేస్తారు: 'ఎక్కడిదాకా వచ్చారు?' ఆమెకు ముందే చెప్పి ఉంచండి, మూడుసార్లు మేమే చేస్తామని: బయలుదేరినప్పుడు, నందిగామలో, తణుకులో. నడిపేవాళ్ళ ఫోను మోగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, భోజనానికి వస్తామని ఎప్పుడూ మాట ఇవ్వకండి. అలా మాట ఇచ్చిన ఏడాది మా మామగారు మూడున్నర దాకా తినకుండా అరుగు మీద కూర్చున్నారు. ఆ సంగతి తెలిసి ఏలూరు నుంచి నేను నడిపిన వేగం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. 'రాత్రికి వస్తాం, మజ్జిగ పులుసు చాలు' అనండి. సాయంత్రం ఐదింటికి చేరితే ఆ ఆనందమే వేరు.

గుమ్మంలో పదిమంది ఉంటారు. పన్నెండు గంటలు కట్టిపడేసిన పిల్లను ఒక్కొక్కరూ ఎత్తుకుని బుగ్గలు పిండి, 'నేనెవరో చెప్పు' అని పరీక్ష పెడతారు. ముందు ఒక్క పావుగంట అడగండి: కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, పెరట్లో నాలుగు చుట్లు పరుగెత్తనివ్వమని. ఆ తర్వాత వాళ్ళంతట వాళ్ళే ఒళ్ళో చేరతారు. ముద్దుకు ముఖం తిప్పేసిన పిల్లను బలవంతం చేయకండి, పెద్దలకు మీరే నవ్వుతూ సర్దిచెప్పండి. దారిలో ఫోటోలు చూపించి 'ఈమె పెద్దమ్మ, ఈయన చిన్న తాతయ్య' అని గుర్తు చేస్తూ వస్తే పరీక్ష సగం పాసైనట్టే.

మొదటి పూట చారన్నం. అరిసెలు, సున్నుండలు మర్నాటికి. నేతి వాసనకు పిల్లలు ఆగరు, అమ్మమ్మ అసలే ఆగరు, మీరే ఆపాలి. చిన్నపిల్లలకు మొదటి రెండు రోజులూ కాచి చల్లార్చిన నీళ్ళు ఇవ్వండి.

కోనసీమలో ఇంటి వెనక కాలవో, చెరువో తప్పక ఉంటుంది. నగరం పిల్లలకు నీళ్ళ లోతు తెలియదు, నాచు పట్టిన మెట్టు జారుతుందని తెలియదు. పదిమంది పెద్దలున్న ఇంట్లో ప్రమాదం ఇదే: ఎవరో చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. అందుకే మేము పేరు పెట్టి చెబుతాం, 'ఈ గంట పిల్లలు నీ బాధ్యత, బావా' అని. దిగిన వెంటనే పిల్లలను తీసుకుని పెరడంతా తిరిగి, ఎక్కడిదాకా ఒంటరిగా వెళ్ళవచ్చో ఒక చెట్టును హద్దుగా చూపించండి.

12. తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు సగం ఖాళీగా ఉన్న డిక్కీ వెళ్ళేటప్పుడు మూతపడదు. బియ్యం బస్తా, కొబ్బరికాయలు, గుమ్మడికాయ, అరటి గెల, డబ్బాల్లో పిండివంటలు. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా అడిగినవాళ్ళు హైదరాబాద్‌లో ఎలాగూ ఉంటారు. వద్దనకండి, అది కుదిరే పని కాదు. సర్దే పద్ధతి మాత్రం మీ చేతుల్లో ఉంది. బియ్యం డిక్కీలో అడుగున, సీటు వీపుకు ఆనించి. కొబ్బరికాయలు గోనెసంచిలో మూతి బిగించి. పిల్లల తల వెనక అద్దం దగ్గర అరమీద ఏదీ పెట్టకూడదు, బ్రేకు పడితే కొబ్బరికాయ ఫిరంగి గుండే. టైర్లలో గాలి మళ్ళీ చూడండి, బరువు పెరిగింది కదా.

ఏడుపులకు సమయం కేటాయించండి. ఆరింటికి బయలుదేరాలంటే ఐదున్నరకే వీడ్కోలు మొదలవ్వాలి. మేము నందిగామలో రాత్రి ఆగుతాం, అలా నానమ్మ వంతూ తీరుతుంది, రోడ్డూ రెండుగా విడిపోతుంది. మర్నాడు ఉదయమే కదిలితే మధ్యాహ్నం రద్దీకి ముందే కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటేయవచ్చు. ఈసారి నదులను తిరగేసి లెక్కపెట్టాలి, మూసీ ఇంటి నది కాబట్టి చివరి టిక్కు దానిదే.

ఇల్లు చేరిన రాత్రే, సామాను విప్పకముందే, ఏది ఎక్కువైంది, ఏది చాలలేదు అన్నది ఒక పుస్తకంలో రాసుకోండి. వారం గడిస్తే మరిచిపోతాం. మా పుస్తకంలో మొదటి ఏడాది పుటలో 'కవర్లు రెండు చాలవు' అని ఉంది. నిరుటి పుటలో మా ఆవిడ చేతిరాతతో 'కొబ్బరికాయలు ఆరు చాలని అమ్మకు చెప్పాలి' అని ఉంది. ఈ ఏడాది ముప్పై రెండు వచ్చాయి.